పోతుటీగ హాజరుపట్టీ

వర్క్‌షాపుల్ని తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. మనిషిగా పుట్టినందుకు ఏడాదికి నాలుగు వర్క్‌షాపుల్లోనైనా కూర్చోవాలి. లేకపోతే ఏం బతికినట్టు?

మా కవంగు ఊరే చూడండి. కబొంపొ ఏటికి ఎగువన, అడవి మధ్యన ఉంది. రోడ్డు రాలేదు. కరెంటు రాలేదు. బడి మాత్రం వచ్చింది. బడి ఉంది కాబట్టి బల్లలున్నాయి, బల్లలున్నాయి కాబట్టి వర్క్‌షాపులు వస్తున్నాయి. ఈ ఏడాది సెప్టెంబరు నాటికే ఏడు!

చేతులు కడుక్కోవడం మీద ఒకటి జరిగింది. నీళ్ళు ఎక్కడివని అడిగితే, అది వేరే వర్క్‌షాపు అన్నారు. మేకల క్షేమం మీద ఒకటి జరిగింది. మేకల్ని మాత్రం గదిలోకి రానివ్వలేదు. తగవులు సామరస్యంగా తీర్చుకోవడం మీద మూడు రోజులు జరిగింది. చివరి రోజు టీషర్టులు పంచేటప్పుడు ఇద్దరికి తలలు పగిలాయి. తగవు తీర్చుకోవాలంటే ముందు తగవంటూ ఉండాలి కదా! ఆ లోటు కూడా వాళ్ళే తీర్చి వెళ్ళారు.

ఇంత చదువు ఊరికే పోతుందా? ఇప్పుడు మా ఊళ్ళో ఐదుగురు ఒకచోట చేరితే ఎవరూ చెప్పకుండానే గ్రూపుగా మారిపోతారు. ఒకడు రాస్తాడు, ఒకడు రిపోర్టు చదువుతాడు. చదవడం అయ్యాక అందరూ కలిసి వాన చప్పట్లు కొడతారు. ముందు ఒక వేలితో, తరవాత రెండు వేళ్ళతో, చివరికి అరచేతులతో. మధ్యాహ్నం నిద్రమత్తు వదలడానికి ప్రాజెక్టు వాళ్ళు నేర్పిన విద్య అది.

ఆగస్టులో సచిలొంబొ పోయాడు. పాస్టరు ప్రార్థన ముగించి 'ఆమెన్' అనగానే, గోతి చుట్టూ నిలబడ్డవాళ్ళు అలవాటు కొద్దీ వాన చప్పట్లు మొదలుపెట్టారు. రెండు వేళ్ళ దాకా వెళ్ళాక ఎవరికో గుర్తొచ్చి ఆపారు. ఎవరూ నవ్వలేదు. నవ్వవలసిన మనిషి గోతిలో ఉన్నాడు.

సచిలొంబొ అంటే చిలొంబొ తండ్రి అని. మాలో తొలిబిడ్డ పుట్టగానే తండ్రికి పాత పేరు ఊడిపోయి బిడ్డ పేరు వచ్చి తగులుకుంటుంది. ఆయన చిన్నప్పటి పేరేమిటంటే సొంత చెల్లెలే కాసేపు ఆలోచించి చెప్పాలి. ముప్పై ఆరేళ్ళు ఆయన కూతురి పేరుతోనే తిరిగాడు.

ఏటి అవతల అడవిలో ఆయనకు ఎనభై చిల్లర బెరడు గూళ్ళున్నాయి. చెట్టు బెరడును గొట్టంలా ఒలిచి, రెండు కొసలా గడ్డి దోపి, ఎత్తైన కొమ్మల్లో పడుకోబెడితే తేనెటీగలు వాటంతట అవే వచ్చి కాపురం పెడతాయి. అక్టోబరులో చెట్టెక్కి, పొగబెట్టి, తేనె దించుతారు. ఆ పని మగవాళ్ళది. ఆడవాళ్ళు చెట్టెక్కరు.

ఎక్కరంటే, ఎక్కినట్టు ఎవరూ చూడరు. ఆరేళ్ళ కిందట సచిలొంబొకు మోకాలు పట్టేసింది. అప్పటి నుంచీ కింద నిలబడి పొగకట్ట అందించేది ఆయన, పైకెక్కేది చిలొంబొ. ఊరందరికీ తెలుసు. అటువైపు వెళ్ళవలసినవాళ్ళు దూరం నుంచే గట్టిగా దగ్గేవాళ్ళు. ఆమె దిగి, నడుముకు చుట్టుకున్న చిటెంగె గుడ్డ సర్దుకుని, పుల్లలేరుతున్నట్టు వంగేది. ఊరిపెద్ద కవిన అయితే దగ్గడంతో ఊరుకోక ఒక పాట కూడా అందుకునేవాడు. పెద్దరికం అంటే అది.

ఇక ఆ గూళ్ళు ఎవరికి? మనిషి పోతే అతని సొత్తు అతని పిల్లలకు రాదు. పిల్లలు తల్లి వైపు వాళ్ళు. సొత్తు అతని అక్కచెల్లెళ్ళ కొడుకులకు పోతుంది, దాంతోపాటు అతని పేరు కూడా పోతుంది. ఆ లెక్కన వారసుడు కుతెంబ. సచిలొంబొ చెల్లెలి కొడుకు, చిలొంబొకు బావ. జిల్లా ఊళ్ళో ఫోన్లకు చార్జింగ్ పెట్టే కొట్టు నడుపుతాడు. అతనికి తేనె అంటే ఇష్టం. తేనెటీగలంటే ఆ కొట్టు గడప కూడా దాటడు.

గూళ్ళు తన చేతికి రాగానే దించేస్తానని అతను ముందే చెప్పాడు. గూడున్న చెట్టును ఎవరూ నరకరు. గూడు దిగిన చెట్టు బొగ్గుల బట్టీవాళ్ళది. వాళ్ళతో మాట కూడా అయిపోయింది. చిలొంబొ ఆ ఎనభై చెట్లనూ పేరుపేరునా ఎరుగును. ఏ చెట్టుకు ఏ కొమ్మ పుచ్చిందో, ఏ గూట్లో ఈగలు పొద్దున్నే కోపంగా ఉంటాయో ఆమెకు తెలుసు. అయితే ఏం? ఆమె కూతురు. కూతురికి ఏడవడానికి హక్కుంది, అడగడానికి లేదు. వారసుడికి పేరు పెట్టే రోజు అక్టోబరు చివర అని పెద్దలు నిర్ణయించారు.

ఇలాంటి సమయంలో ఆ ఆడమనిషిని ఎవరు ఆదుకుంటారు? చెప్పండి. వర్క్‌షాపు!

ఎనిమిదోది. 'తేనెటీగ మన నేస్తం.' పుట్టినప్పటి నుంచి తేనె దించుతున్నవాళ్ళకు తేనెటీగ అంటే ఏమిటో మూడు రోజుల్లో చెప్పడానికి రాజధాని లుసాకా నుంచి హమూంగ అనే అధికారి వచ్చాడు. మంచి మనిషి. నీలం చొక్కా, ప్రొజెక్టరు, దానికి జనరేటరు, జనరేటరుకు ఒక డ్రైవరు. అతను ఇంగ్లీషులో చెబితే బడిపంతులుగా నేను మా మాటలోకి మార్చేవాణ్ణి. ఇకనుంచి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ తేనే కొంటారని, ఆ సర్టిఫికెట్లు ఇరవై నాలుగూ పేర్లతో సహా అచ్చయి వచ్చాయని మొదటే చెప్పాడు. జూన్‌లో ఊరిపెద్ద పంపిన జాబితా అది. ఇరవై నలుగురూ మగవాళ్ళు. వాళ్ళకు వండిపెట్టడానికి ఎనిమిది మంది ఆడవాళ్ళను పెట్టారు. చిలొంబొ కుండ సరిగ్గా తరగతి గది కిటికీ కింద ఉంది.

హమూంగ హాజరు పిలిచాడు. పదకొండో పేరు సచిలొంబొ.

ఎవరూ పలకలేదు.

"వస్తాడా?" అని హమూంగ అడిగాడు.

"రాడు సార్," అన్నాడు కవిన.

"ఆలస్యమవుతుందా?"

కవిన కాస్త ఆలోచించాడు. "అవుతుంది సార్."

చివరికి ఎవరో సంగతి చెప్పారు. హమూంగ టోపీ తీసి, ఒక నిమిషం తలవంచుకుని నిలబడ్డాడు. నిమిషం అయ్యాక తన ఇబ్బంది చెప్పుకున్నాడు. సర్టిఫికెట్లు ఇరవై నాలుగు, భోజనాలు ఇరవై నాలుగు, టీషర్టులు ఇరవై నాలుగు. సంతకాలు ఇరవై మూడయితే పై ఆఫీసు ఒప్పుకోదు. ఒక మనిషి చచ్చిపోవచ్చు. ఒక టీషర్టు మిగలకూడదు.

అప్పుడు జాబితాలో లేకపోయినా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్న కుతెంబ లేచాడు. "ఉన్నాను సార్," అన్నాడు.

పేరు పెట్టే రోజు ఇంకా రాలేదు. పెద్దలు అతని నుదుట తెల్లపిండి పుయ్యలేదు. అయినా పట్టీలో టిక్కు పడింది. కిటికీ కింద న్షిమ సంకటి తిప్పుతున్న తెడ్డు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

టీ సమయానికి చిలొంబొ కప్పులు తెచ్చింది. అందరికీ ఇచ్చాక చివరికి కుతెంబ ముందుకొచ్చి, రెండు మోకాళ్ళ మీదా కూర్చుని, అరచేతులు రెండుసార్లు మెల్లగా తట్టి, కప్పు అందించింది. తండ్రికి కూతురు ఇచ్చే మర్యాద అది. బావకు మరదలు అలా చేస్తే బావ పరుగెత్తాలి.

"టీ తీసుకో, నాన్నా."

"లే చిలొంబొ, అందరూ చూస్తున్నారు," అన్నాడు కుతెంబ. "నాన్నేమిటి, నేను నీ బావని."

"హాజరు పలికింది నువ్వేగా. నాకు చెవుడు లేదు. చిలొంబొ తండ్రి అంటే ఎవరికి తండ్రివి, ఆ జనరేటరుకా?"

గది నవ్వింది. కుతెంబ కూడా నవ్వబోయాడు గానీ ఆమె తల ఎత్తలేదు.

ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఒక్కసారీ వెక్కిరించలేదు. బావను ఆటపట్టించడం మాలో మరదలి హక్కు. పిల్లప్పటి నుంచి ఆమె దాన్ని బాగా వాడుకుంది కూడా. ఇప్పుడు అదంతా మానేసి పరమ వినయంగా మారింది. పొద్దున్నే వచ్చి మోకాళ్ళూనేది. నాన్నా, నీ మనవడికి బడి బూట్లు లేవు. నాన్నా, ఇంటి కప్పు గడ్డి మార్చాలి, వానలొస్తున్నాయి. నాన్నా, అమ్మ మంచం కోడు విరిగింది, ఎప్పుడు చేయిస్తావు? చివరి మాట విన్నాక కుతెంబ బన్ను సగంలో వదిలేసి బయటికి వెళ్ళాడు. చూశారా, ఏ చదువుకూ లొంగని మనిషికి వర్క్‌షాపు ఒక్క రోజులో బాధ్యత నేర్పింది!

రెండో రోజు అసలు పాఠం. తెర మీద పెద్ద పోతుటీగ బొమ్మ వచ్చింది, పక్కనే ఆశ్చర్యార్థకం. హమూంగ గొంతు తగ్గించి అన్నాడు, "ఈ మగ ఈగకు తండ్రి ఉండడు."

అందరూ ఉలిక్కిపడతారని ఆగాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు.

"అయితే?" అన్నాడు కవిన.

హమూంగ మళ్ళీ చెప్పాడు. రాణి ఈగ పెళ్ళినాడు తెచ్చుకున్న మగ బీజాన్ని జీవితమంతా ఒక సంచిలో దాచుకుంటుంది. గుడ్డు పెట్టేటప్పుడు అందులోంచి కలిపితే ఆడపిల్ల పుడుతుంది. కలపకుండా వదిలేస్తే మగపిల్లవాడు. తండ్రి కలిసిన గుడ్డు ఆడది, తండ్రి కలవని గుడ్డు మగది. పోతుటీగకు తల్లి ఉంది, తల్లికి తండ్రి, అంటే తాత ఉన్నాడు. తండ్రి మాత్రం లేడు.

"వాణ్ణి పెంచేదెవరు?" అని కవిన అడిగాడు.

"అక్కచెల్లెళ్ళు."

"మేనమామలుంటారా?"

"ఉంటారు. తల్లితో పుట్టిన మగ ఈగలు. కానీ వాళ్ళు..."

"ఉన్నారు కదా. ఇంకేం కావాలి," అన్నాడు కవిన. మా అందరి వైపూ తిరిగి, ఈగలు మనవాళ్ళేనని ప్రకటించాడు. లుసాకాలో తండ్రి పేరు అడిగే కాగితాలు నింపీ నింపీ అలవాటైపోయిన హమూంగకు ఇందులో వింత కనిపించింది గానీ, తల్లి ఇంటిపేరున బతికే మాకు ఏం కనిపిస్తుంది? పాపం, ఆశ్చర్యార్థకం తెర మీద ఒంటరిగా నిలబడింది.

కుతెంబ చెయ్యెత్తాడు. "పోతుటీగకు కొడుకులుంటారా సార్?"

"ఉండరు. ఉండే వీలే లేదు. దాని బీజం కలిస్తే ఆడపిల్లే పుడుతుంది."

కుతెంబ నోట్‌బుక్కు తెరిచాడు. రెండు రోజుల్లో అతను రాసుకున్న మొదటి మాట అదే. కింద రెండు గీతలు గీసి, పక్కవాళ్ళకు చూపించాడు. మగవాడి సొత్తు కొడుక్కి పోదని ఈగలకే తెలుసు, ఇది మన ఆచారం ఒక్కటే కాదు, శాస్త్రం అన్నాడు.

కిటికీలోంచి ఒక గొంతు వచ్చింది. "కూతుళ్ళుంటారా?"

అందరూ అటు చూశారు. చిలొంబొ తెడ్డు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. హమూంగ జాబితా చూసుకున్నాడు. ఆమె పేరు లేదు. జాబితాలో లేనివాళ్ళ ప్రశ్నలకు జవాబు చెబితే ఆ సమయాన్ని ఏ పద్దు కింద చూపించాలి? అలాంటి ప్రశ్నల కోసం గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంటుంది. దాని పేరు పార్కింగ్. మా ఊళ్ళో పార్కింగ్ అవసరమైన బండి ఒక్కటీ లేదు. ప్రశ్నలకు మాత్రం వసతి ఉంది. హమూంగ ఒక పసుపు చీటీ మీద 'కూతుళ్ళు?' అని రాసి దాని మీద అంటించాడు.

ఆ చీటీ అక్కడే ఉంది. పోతుటీగ రెక్కల గురించి చెబుతున్నప్పుడూ ఉంది, మైనం గురించి చెబుతున్నప్పుడూ ఉంది. ఇరవై నలుగురు మగవాళ్ళు, కుతెంబ తప్ప అందరూ కూతుళ్ళున్నవాళ్ళే, తెరను వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. గాలికి ఊడి పడినప్పుడు కవిన తనే లేచి వెళ్ళి మళ్ళీ అంటించాడు. కిటికీ కింద ఆ పూట న్షిమ అడుగంటింది.

మూడో రోజు సాయంత్రం సర్టిఫికెట్లకు ముందు పది నిమిషాలు మిగిలాయి. హమూంగ చీటీ పీకి చేతిలోకి తీసుకున్నాడు. జనరేటరులో నూనె అయిపోవడంతో తెర లేదు. వంటవాళ్ళ దగ్గర బొబ్బర గింజలున్నాయా అని అడిగాడు. చిలొంబొ చేటలో తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టాక వెళ్ళలేదు.

క్రోమోజోము అన్న మాటకు మా భాషలో పదం లేదు. వంశపు గింజ అన్నాను.

రాణి దగ్గర వంశపు గింజలు ముప్పై రెండు. హమూంగ పదహారు ఎర్ర గింజలు ఒక వరసలో, పదహారు తెల్ల గింజలు ఇంకో వరసలో పేర్చాడు. ఒక వరస తల్లి నుంచి వచ్చింది, ఒకటి తండ్రి నుంచి. గుడ్డు పెట్టేటప్పుడు రాణి ఈ రెండు వరసల్నీ కలిపి, అందులోంచి పదహారే ఇస్తుంది. ఒక గుడ్డులో ఎర్రవి ఎక్కువ, ఒకదాంట్లో తెల్లవి ఎక్కువ. ఏ బిడ్డకూ తల్లి పూర్తిగా రాదు. సగమే.

"ఇది పోతుటీగ," అని అతను పదహారు నల్ల గింజలు పక్కన పెట్టాడు. ఒకటే వరస.

"ఇతను సగం ఎలా ఇస్తాడు?" అని చిలొంబొ అడిగింది.

హమూంగ ఈసారి జాబితా చూసుకోలేదు. "ఇవ్వడమ్మా. కలపడానికి రెండో వరస లేదు. ఉన్న పదహారూ ఇచ్చేస్తాడు."

"ఏ కూతురికి?"

"ప్రతి కూతురికీ. ఇవే పదహారు."

"తనకేమీ ఉంచుకోడా?"

"ఉంచుకోవడం అతనికి చేతకాదు," అన్నాడు హమూంగ. "తల్లి సగమే వస్తుంది. తండ్రి మొత్తం వస్తాడు."

ఎవరూ వాన చప్పట్లు కొట్టలేదు. చిలొంబొ ఎర్రవీ తెల్లవీ చేటలోకి తోసేసింది. నల్ల గింజలు పదహారూ ఒక్కొక్కటే ఏరి, చిటెంగె కొంగున ముడి వేసుకుని బయటికి నడిచింది. ఆ తరవాత సర్టిఫికెట్లు పంచారు. సచిలొంబొ అన్న పేరు పిలిచినప్పుడు కుతెంబ వెళ్ళి తీసుకున్నాడు. ఫొటో దిగాడు. బాగా వచ్చింది.

అక్టోబరు మొదటివారం ఊరిపెద్ద పంచాయితీ పెట్టాడు. గూళ్ళు దించడానికి పేరు పెట్టే రోజు దాకా ఆగడం ఎందుకని కుతెంబ అడిగాడు కాబట్టి. తగవుల వర్క్‌షాపు చదువుకున్న ఊరు కదా, ముందు గ్రూపులుగా విడిపోయి చర్చించారు. కుతెంబ వర్క్‌షాపు టీషర్టు వేసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. తాను సచిలొంబొనని ప్రభుత్వమే ఒప్పుకుందన్నాడు. అది ప్రభుత్వం కాదు, ప్రాజెక్టు అని ఎవరో అన్నారు. ముద్ర ఉందిగా అన్నాడు అతను. ముద్ర ఉంది.

చిలొంబొ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. కవినకు, తరవాత కుతెంబకు, అరచేతులు తట్టి దణ్ణం పెట్టింది.

"నాన్నతో నాకు తగవేముందయ్యా? సచిలొంబొ పోలేదు, ఇదిగో ఎదురుగా ఉన్నాడు. ఉన్న మనిషి సొత్తు పంచమని ఎవరడుగుతారు? అక్టోబరు వచ్చింది. ఏటా వచ్చినట్టే నాన్న వచ్చి తేనె దించితే చాలు. పొగకట్ట నేను అందిస్తాను."

కుతెంబ తన తల్లి వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. తాను సచిలొంబొ కాదంటే సర్టిఫికెట్ వెనక్కి ఇవ్వాలి, తెల్లపిండి పుయ్యకముందే పోయినవాడి పేరుకు పలికినందుకు మేక తప్పు కట్టాలి. అవునంటే చెట్టెక్కాలి.

"శిక్షణ కూడా అయిందిగా నీకు," అన్నాడు కవిన ఎంతో దయగా.

సోమవారం పొద్దున ఊరంతా ఏరు దాటింది. సచిలొంబొ మొదటి గూడు ఎప్పుడూ ఏటి గట్టు మీది ముసందె చెట్టుతోనే మొదలుపెట్టేవాడు, దాంతోనే మొదలుపెట్టారు. కుతెంబ నడుముకు నార తాడు కట్టుకున్నాడు. మొదటి పంగ దాకా ఎక్కాడు. రెండు నిలువుల ఎత్తు. గూడు ఇంకా అంతకు మూడింతల పైన ఉంది. కాపలా ఈగలు నాలుగైదు దిగివచ్చి, అతని టీషర్టు మీద 'తేనెటీగ మన నేస్తం' అన్న అక్షరాల మీద వాలి, ఒక్కొక్క అక్షరం చదువుతున్నట్టు పాకాయి.

అతను మానును కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత ఎంతో మెత్తగా పిలిచాడు.

"అమ్మా చిలొంబొ."

"ఏం నాన్నా?"

"నాకు మోకాలు పట్టేసినట్టుందమ్మా."

కింద కుతెంబ తల్లి కొంగుతో ముఖం కప్పుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "మా అన్న మాటే," అంది లోపలి నుంచి.

చిలొంబొ పొగకట్ట వీపున కట్టుకుంది. చిటెంగె గుడ్డ మోకాళ్ళ పైకి లాగి బిగించింది. కవిన అలవాటు కొద్దీ దగ్గాడు. దగ్గాక ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాడు. ఈసారి ఎవరూ పక్కకు తిరగలేదు. ఆమె కుతెంబను దాటుకుని, ఏ చీలికలో కాలు పెట్టాలో చూసుకోకుండానే పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి పొగ కమ్మింది. ఇంకాసేపటికి నార తాడు మీద మొదటి తట్ట దిగింది, నిండా తేనె తుట్టెలతో.

కవిన అక్కడే తీర్పు చెప్పాడు. చెట్టెక్కగానే మోకాలు పట్టేసిందంటే ఇతను సచిలొంబొయే, అనుమానం లేదు. పేరు ఇతనిది, సర్టిఫికెట్ ఇతనిది. మోకాలు బాగయ్యే దాకా గూళ్ళు కూతురు చూసుకుంటుంది, ఎప్పటిలాగే. దించే మాట ఇక లేదు. మోకాలు ఎప్పుడు బాగవుతుందని కుతెంబ అడగలేదు. అప్పుడు అతన్ని మాను నుంచి విడదియ్యడానికి ఇద్దరు అవసరమయ్యారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే మీకు వర్క్‌షాపుల మహిమ తెలియదన్నమాట!

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. ఈ ప్రాంతపు ఆడవాళ్ళు చెట్టెక్కరనీ, తేనె పనిలో వాళ్ళకు ఆసక్తి తక్కువనీ, వర్క్‌షాపుకు ఒక్క ఆడమనిషీ రాలేదనీ అందులో రాశారు. అందుకని 'ఆడవాళ్ళను చెట్టెక్కించడం ఎలా?' అన్న తొమ్మిదో వర్క్‌షాపు లుసాకాలో ఒక మంచి లాడ్జిలో పెట్టారు. ఆ విషయంలో అనుభవం ఉన్నవారిగా సచిలొంబొ గారిని పిలిచారు. కుతెంబ కోటు అరువు తెచ్చుకుని బస్సెక్కాడు. అతను చక్కగా మాట్లాడాడని విన్నాను. అతని కన్నా ఎక్కువ అనుభవం ఇంకెవరికుంది?

అతను అక్కడ మాట్లాడుతున్న రోజే, సర్టిఫికెట్ పొందినవాళ్ళు నిజంగా తేనె దించుతున్నారో లేదో చూసి రమ్మని ఒక తనిఖీదారును ఇక్కడికి పంపారు. చెట్టు చెట్టుకూ తీసుకువెళ్ళడం నా పని. ఏటి అవతల ఒక మాను కింద అతను ఆగి, పట్టీ తెరిచి, పైన కమ్ముకున్న పొగలోకి కేకేశాడు.

"సచిలొంబొ ఉన్నారా?"

పైనుంచి, ఈగల హోరులోంచి, చిలొంబొ గొంతు వచ్చింది.

"ఉన్నాడు."

"పైన ఉన్నది ఆయనేనా?"

"మొత్తం ఆయనే."

తనిఖీదారు పదకొండో పేరు ఎదురుగా టిక్కు పెట్టాడు. పక్క గడిలో 'పురుషుడు' అని రాశాడు. గొంతు ఆడగొంతులా ఉందే అని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

అతన్ని తప్పుపట్టకండి. పాఠం సరిగ్గా గుర్తున్నది అతనొక్కడికే. తండ్రి కలిసిన గుడ్డు ఆడది, తండ్రి లేని గుడ్డు మగది. ఆగస్టు దాకా చిలొంబొకు తండ్రి ఉన్నాడు, కాబట్టి ఆడది, కాబట్టి ఏ జాబితాలోనూ లేదు. ఆగస్టులో తండ్రి పోయాడు. వానలు పడే నాటికి ఆమె ప్రాజెక్టు పట్టీలో మగదై కూర్చుంది. శాస్త్రం ఎక్కడ తప్పింది?

ఆ పట్టీ నకలు ఒకటి మా బడి బీరువాలో ఉంది. అడుగున మూడు వరసలు. హాజరైనవారు ఇరవై నాలుగు. ఆడవారు సున్నా. మధ్యలో మానేసినవారు సున్నా.

మా ఊళ్ళో ఈ ఏడాది ఎవరూ ఎక్కడికీ పోలేదని చెబుతున్న కాగితం అదొక్కటే. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. వర్క్‌షాపు వరం కాదంటారా?